ఊదే వంతు

ఆ ఇంట్లో పాతబట్టలు పారేయడమన్న మాటే లేదు. చిరిగిన దుప్పటి గానీ, మెడ దగ్గర పోగులు లేచిన బనీను గానీ, పిల్ల ఎదిగిపోయి పొట్టైపోయిన గౌను గానీ, అసలైన నూలుదైతే చాలు, చివరికి నిప్పు కావలసిందే. చాలా ఇళ్లలో పాతగుడ్డ నేల తుడిచి తుడిచి పోతుంది. వీళ్లింట్లో మాత్రం కాస్త వెలుగిచ్చి పోతుంది. ఆ ఇంటాయన చేసే పని అలాంటిది మరి.

ఊరి బయట కొండవాలు మీద ఒక శిబిరం ఉంది. ఆఫీసుల్లో కూర్చుని కూర్చుని నడుములు పట్టేసినవాళ్లు సెలవు దొరికితే చాలు అక్కడికొచ్చి, గుడారాల్లో పడుకుని, అగ్గిపెట్టె లేకుండా నిప్పు రాజేయడం నేర్చుకుని, కొండని పిండి కొట్టినట్టు ఫొటోలు దిగి వెళ్తుంటారు. వాళ్లకి నేర్పేది ఈయనే. అందరూ నిప్పుల మాస్టారంటారు. ఆ పేరు విని కోపిష్ఠి మనిషనుకునేరు, వెన్నపూస లాంటి మనిషి. మండిపడే పనంతా ఇంట్లో ఆయన భార్యది. ఆవిడ టైలరు. వీధి వీధంతా ఆవిణ్ణి టైలరమ్మ అనే పిలుస్తుంది.

మాస్టారి విద్య నిజానికి బ్రహ్మవిద్యేమీ కాదు. బూటు పాలిష్ డబ్బా ఒకటి తీసుకుని, మూతకి మేకుతో చిన్న బెజ్జం కొడతారు. అరచేతిలో ఇమిడే నూలుగుడ్డ ముక్కలు అందులో పేర్చి, మూత బిగించి, కణకణలాడే బొగ్గుల మీద పెడతారు. లోపల గాలి చాలదు కాబట్టి గుడ్డ మండదు, మాడుతుంది. బెజ్జంలోంచి పొగ మాత్రం బుసబుసా వస్తుంది. "నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఇదిగో, లోపల నిప్పు లేదు, పొగ చూడండి" అని మాస్టారు కొత్తవాళ్లని ఆటపట్టించేవారు. పొగ ఆగిపోయాక డబ్బా పక్కకి తీసి చల్లారనివ్వాలి. ఆత్రపడి వేడి మీద మూత తీశామా, గాలి సోకి అంతా బూడిద. ఓపిక పడితే లోపల నల్లటి గుడ్డ మిగులుతుంది. నేత నేతగానే ఉంటుంది, కుట్టు కుట్టుగానే ఉంటుంది. దాన్ని వాళ్లు బొగ్గుగుడ్డ అనేవారు. చెకుముకి రాయిని ఉక్కుముక్కతో కొడితే లేచే రవ్వ, మరి దేని మీద పడినా ఆరిపోతుంది గానీ బొగ్గుగుడ్డ మీద పడితే ఆరదు. ఎర్రగా అంటుకుని పాకుతుంది. అప్పుడు దాన్ని పీచుతో చేసిన గూట్లో పెట్టి ఊదితే మంట లేస్తుంది.

ఈ పనిలో ఇంటిల్లిపాదికీ వంతులున్నాయి. గుడ్డ అమ్మది. రవ్వ నాన్నది. ఊదడం కూతురిది.

ఆ పిల్లకి మాస్టారు పెట్టిన ముద్దుపేరు ఊదుగొట్టం. మాటలు సరిగా రాకముందే బుగ్గలు పూరించి ఊదడం నేర్చింది. సెలవు రోజుల్లో తండ్రితో పాటు శిబిరానికి పోయేది. మాస్టారు రవ్వ పట్టించిన గుడ్డని పీచుగూట్లో పెట్టి, రెండు అరచేతుల్లో పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే, ఇది ఎదురుగా గొంతుక్కూర్చుని, "నాన్నా, కదలకు. గట్టిగా ఊదితే చస్తుంది, మెల్లగా ఊదితే నిద్రపోతుంది" అని ఆయన పాఠం ఆయనకే చెప్పి, సన్నగా, పొడుగ్గా ఊదేది. మంట లేచేసరికి దాని ముందుజుట్టు రెండు సార్లు కమిలింది కూడా. టైలరమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది, మొగుణ్ణే. "ఆడపిల్ల జుట్టు కాల్చి తెచ్చారు, మీ విద్య తగలెయ్య!" అంటే, "తగలెయ్యడమేగా అమ్మా, నాన్న విద్య" అని పిల్ల కిసుక్కున నవ్వేది. ఆ తల్లికి ఇంక తిట్టడానికి ఏం మిగులుతుంది?

గౌను పొట్టైతే పిల్లే తెచ్చి ఇచ్చేది. "దీనికి టైమైపోయింది నాన్నా" అని. పసుపు గౌను, నీలం గౌను, స్కూలు చొక్కాలు, అన్నీ అలాగే వెళ్లాయి. ఒక్క తెల్లగౌను దగ్గర మాత్రం పేచీ పెట్టింది. దానికి రెండు జేబులున్నాయి. జేబులున్న గౌను కావాలని అమ్మని సతాయించి కుట్టించుకుంది. వాటినిండా చెకుముకి రాళ్లు పోసుకుని గలగలమంటూ తిరిగేది. "ఇది పొట్టయ్యేదాకా ఎవ్వరూ కత్తెర పెట్టకూడదు" అని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

ఆ గౌను పొట్టి కాలేదు. ఇక కాదు. వానలు పడుతున్నప్పుడు ఓ జ్వరం వచ్చింది, మామూలు జ్వరమే అన్నారు, ఆసుపత్రిలో చేర్చారు. తల్లి కప్పిన దుప్పటి ఇంటికి తిరిగొచ్చింది గానీ పిల్ల రాలేదు. పదేళ్లు నిండలేదు దానికి.

ఆ తర్వాత ఆ ఇల్లు ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. కడుపుకోత అంటారు, ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లకది తగిలే ఉంటుంది. టైలరమ్మ కొన్నాళ్లకి మిషన్ ముందు కూర్చుంది. కిటికీకి ఎదురుగా ఉండేది ఆ మిషన్, వెలుతురు కోసం. ఆ కిటికీలోంచే బడికి పోయే పిల్లలు బ్యాగులు ఊపుకుంటూ కనబడేవారు. ఓ పొద్దున ఆవిడ లేచి, పళ్ల బిగువున, ఒక్కతే ఆ ఇనప మిషన్‌ని ఈడ్చి, కిటికీకి వీపు పెట్టి, గోడకి ఎదురుగా తిప్పేసుకుంది. చీకట్లో కుట్టడం కళ్లకి మంచిది కాదని పక్కింటావిడ అంటే, "చూడ్డానికేముంది గనక" అంది.

మాస్టారు శిబిరానికి వెళ్లడం మానలేదు. అదే టైలరమ్మకి మింగుడుపడలేదు. చూడ్డానికి మామూలుగా లేచేవారు, మామూలుగా సంచి సర్దుకునేవారు, పోయేవారు. నిప్పు చూస్తే పిల్ల గుర్తు రాదా ఈ మనిషికి? చేతులెలా వస్తున్నాయి? అడగలేదు ఆవిడ. అడిగితే ఆయన ఏం చెబుతారోనని భయం. ఒకప్పుడు తిట్లతో, నవ్వులతో చెవులు చిల్లులు పడే ఇంట్లో ఇప్పుడు "అన్నం పెట్టాను", "తింటాను" తప్ప మాట లేదు. ఇద్దరూ ఒకే గాయాన్ని చెరో వైపు నుంచి పట్టుకుని కూర్చున్నారు.

మిషన్ గదిలోకి మాస్టారు అసలు అడుగు పెట్టేవారు కాదు. పిల్ల మంచం ఆ గదిలోనే ఉంది. కానీ గుడ్డ కావాలి కదా. అందుకు ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఓ పద్ధతుంది. మిషన్‌కి ఎడమవైపు చెక్కపెట్టె మీద పనికిరాని నూలుముక్కలు, అవి మాస్టారివి. కుడివైపు బల్ల మీద కుట్టవలసిన గుడ్డలు, అవి టైలరమ్మవి, వాటి మీద చెయ్యి పడితే చెయ్యి విరుగుతుంది. ఎడమవైపు పెట్టె గుమ్మానికి దగ్గరగా ఉండేది. మాస్టారు గుమ్మం బయటే నిలబడి, తల పక్కకి తిప్పుకుని, చెయ్యి చాపి అందినన్ని ముక్కలు తీసుకుని వెళ్లిపోయేవారు.

ఇలా ఉండగా ఒక రోజు టైలరమ్మ గుండె రాయి చేసుకుని ఆ తెల్లగౌను బయటికి తీసింది. బీరువాలో ఊరికే మగ్గిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పిల్ల వాసన పోయి బీరువా వాసన వస్తోంది. అది తట్టుకోలేకపోయింది. ఏదో ఒకటి చేద్దామని బ్లేడు పట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. టైలర్లకి దుఃఖమొచ్చినా చేతికి తోచేది అదే, విప్పడమో కుట్టడమో. చేతులు, నడుం, కుచ్చిళ్లు, అన్నీ విప్పి, ఆఖరికి కుడి జేబు విప్పింది. జేబుగుడ్డ తిరగేసేసరికి లోపలివైపు ఎర్రదారంతో ఒక పువ్వుంది.

ఆవిడ కుట్టింది కాదు. వంకరటింకర రేకులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో ముడులు ముడులు. కాడ ఒక చోట తెగి మళ్లీ మొదలైంది. అమ్మ ఎంబ్రాయిడరీ దారం దొంగిలించి, అమ్మ చూడకుండా, ఎవరికీ కనబడని చోట పిల్ల కుట్టుకుంది. ఎప్పుడో ఎర్ర లడీ కనబడ్డంలేదని టైలరమ్మ ఇల్లంతా వెతికి, పిల్లని కూడా వెతకమంటే, పాపం అది మంచం కిందకి దూరి మరీ వెతికింది, దొంగపిల్ల! అది గుర్తొచ్చి తల్లి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. గోడకెదురుగా కూర్చుని ఆ జేబుముక్కని మొహానికి అదుముకుని బావురుమంది.

ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. మాస్టారు చెకుముకి రాయి, ఉక్కుముక్క ఓ పాత మేజోడులో వేసుకుని తిరుగుతారు. ఈ తెల్లగుడ్డతో ఆయనకి ఒక సంచి కుట్టాలి, నాడా లాగి మూసుకునేది. ఈ పువ్వు పైకి కనబడేలా కుట్టాలి. కుట్టి, ఏమీ చెప్పకుండా ఆయన చేతిలో పెట్టాలి. చూసి ఆయన ఏడవాలి. ఇద్దరూ కలిసి ఏడవాలి. అంతే ఆవిడ కోరిక. ఈ లోకంలో అంతకంటే ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

గుడ్డలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, జేబుముక్కని పువ్వు లోపలికి వచ్చేలా మడిచి, అన్నిటి మీదా పెట్టి, తన అలవాటు ప్రకారం మిషన్‌కి కుడివైపు ఉంచింది. పువ్వు రంగుకి సరిపోయే ఎర్ర నాడా ఇంట్లో లేదు. మర్నాడు పొద్దున్నే బొత్తాలూ లేసులూ అమ్మే కొట్టుకి వెళ్లింది. కొట్టువాడు నాలుగు రకాల ఎరుపు చూపించాడు. ఆవిడ కొట్టు బయటికొచ్చి, ఎండలో పట్టుకు చూసి, మళ్లీ లోపలికెళ్లి, ఇంకోటి తెచ్చి చూసి, చివరికి ఒకటి తీసుకుంది. చాలా కాలానికి మనసు కాస్త తేలిగ్గా ఉంది.

ఇంటికొచ్చి మిషన్ గదిలోకి వెళ్లేసరికి కుడివైపు బల్ల ఖాళీగా ఉంది.

కింద పడ్డాయేమోనని చూసింది. మంచం మీద చూసింది. ఎడమవైపు చూస్తే పనికిరాని ముక్కల కుప్ప ఎక్కడిదక్కడే ఉంది, ఒక్క పోగు కదల్లేదు. అప్పుడు గుమ్మం వైపు చూసింది. గుమ్మం నుంచి చెయ్యి చాపితే అందేది ఇప్పుడు ఏ వైపు? మిషన్ తిప్పింది తనే, దాంతో పాటే పెట్టెనీ బల్లనీ కూడా. తనతో పాటు తన కుడిచెయ్యీ తిరిగింది, ఎడమచెయ్యీ తిరిగింది. కుడివైపు బల్ల గుమ్మం దగ్గరికొచ్చింది. మిషన్ తిప్పాక ఆయన గుడ్డలకి రావడం ఇదే మొదలు, అంతదాకా ముందు తెచ్చుకున్నవే సరిపోయాయి; చెయ్యి మాత్రం పాత చోటికే సాగింది. గదిలోకి చూసి ఉంటే తెలిసేది. చూడలేకే కదా తల తిప్పుకునేది.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పాఠం చెప్పేటప్పుడు ఆయన ఫోను గుడారంలో సంచిలో పడుంటుంది. నాడా చేతిలో ఉండగానే చెప్పులేసుకుని పరుగెత్తింది. ఆటోవాడు కొండ మొదట్లో దించి, "పైకి బండి పోదమ్మా" అన్నాడు. అక్కడినుంచి కాలిబాట.

ఆయన పాఠం ఆవిడకి కంఠతా వచ్చు. ఎక్కుతూ ఎక్కుతూ ఆ పాఠాన్నే తలుచుకుంది. ముందు కుశల ప్రశ్నలడుగుతారు, ఎవరో ఆలస్యంగా వస్తారు, వాళ్లకోసం ఆగుతారు. తర్వాత ఎవరి చొక్కాలోంచో పోగు లాగి వెలిగించి చూపిస్తారు. నూలుదైతే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. కాకపోతే కరిగి ముడుచుకుని గట్టి పూసవుతుంది. "అయ్యా, తమరి చొక్కా పెళ్లికి పనికొస్తుంది గానీ పొయ్యికి పనికిరాదు" అంటారు, అందరూ నవ్వుతారు. ఆ నవ్వులు ఇంకాసేపు సాగనీ దేవుడా. ఆ తర్వాత డబ్బా చూపిస్తారు, బెజ్జం ఎందుకో చెబుతారు. ఎవరో ఒకరు తెలివితక్కువ ప్రశ్న వేస్తారు. వెయ్యనీ, పది వెయ్యనీ. జేబుముక్క ఎలాగూ అరచెయ్యంతే ఉంటుంది, దానికి కత్తెర అక్కర్లేదు, మడత మీదే తిన్నగా డబ్బాలోకి పోతుంది. ఊపిరి అందక ఒక బండరాయి పట్టుకుని ఆగి, పైకి చూసింది.

చెట్ల మీదుగా సన్నగా, తెల్లగా పొగ లేస్తోంది.

"ఆపండి!" అని అరిచింది. అంత దూరం వినబడదని తెలుసు. అయినా అరుచుకుంటూనే ఎక్కింది.

గుడారాల ముందు కొందరు గుండ్రంగా కూర్చునున్నారు. మధ్యలో బొగ్గులు, వాటి మీద డబ్బా, బెజ్జంలోంచి పొగ. మాస్టారు చేతిలో కర్రపుల్ల పట్టుకుని ఏదో చెబుతున్నారు. జుట్టు రేగిపోయి, ఒక కాలికి చెప్పు లేకుండా వస్తున్న భార్యని చూసి లేచి నిలబడ్డారు.

"ఏమైందే? ఎవరికేమైంది?"

"ఆ గుడ్డలు... ఆ గుడ్డలెక్కడివి?"

"ఎక్కడివేంటి? ఇంటి దగ్గరవే. మిషన్ పక్కన పెట్టినవి, నావి."

"మీవి కాదండీ. మిషన్ తిప్పేశాను కదా. మీరు తీసింది కుడివైపువి."

ఆయనకి ఇంకా అర్థం కాలేదు. "కస్టమరువా? పోనీలే, కొత్తగుడ్డ కొనిద్దాం, దానికి ఇంతలా..."

"దాని తెల్లగౌనండీ అది," అంది టైలరమ్మ. "విప్పి పెట్టాను."

మాస్టారు వంగి, పుల్ల పక్కనుండగానే, బొగ్గుల మీది డబ్బాని చేత్తో పట్టుకుని ఎత్తేశారు. చుట్టూ ఉన్నవాళ్లు కెవ్వుమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఆ మనిషి ఆకుల కోసం కూడా చూడలేదు. కాలుతున్న డబ్బాని గడ్డి మీద పెట్టి, మూత తీయబోయారు. ఇన్నేళ్లుగా ఎందరి చేతుల మీదో కొట్టి నేర్పిన పాఠం ఆయనకే గుర్తు లేదు.

టైలరమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. "తెరవకండి. ఇప్పుడు తెరిస్తే అదీ ఉండదు."

ఇద్దరూ డబ్బాకి చెరో పక్క గడ్డిలో కూర్చుండిపోయారు. పొగ ఇంకాస్త వచ్చింది, పలచబడింది, ఆగిపోయింది. చూస్తున్నవాళ్లలో ఒకాయన, కొత్త బూట్లు కరుస్తుంటే పొద్దుట్నుంచీ కుంటుతున్నాయన, గిన్నెలో చన్నీళ్లు తెచ్చి మాస్టారి చేతి దగ్గర పెట్టాడు.  వెళ్లి మిగతావాళ్లని లేపి, మెల్లగా వాగు వైపు తీసుకెళ్లాడు.

"అందులో ఒక జేబుముక్క ఉంది," అంది ఆవిడ.

"ఊఁ. చిన్నది. కత్తిరించక్కర్లేదని తిన్నగా వేసేశాను."

"దాని లోపల పువ్వుంది. దొంగచాటుగా కుట్టుకుంది. ఎర్రదారంతో."

మాస్టారు తలెత్తారు. "ఎప్పుడు కుట్టిందే? నాకు చెప్పలేదే. నాకన్నీ చెప్పేదిగా."

"నాకూ చెప్పలేదు. మొన్న విప్పినప్పుడు చూశాను. మీకు చెప్పకుండా, సంచి కుట్టి చూపిద్దామనుకున్నాను." పిడికిట్లో నలిగిపోయిన ఎర్ర నాడా తెరిచి చూపించింది. "ఇది కొనడానికి వెళ్లాను. మొన్ననే చెప్పుంటే అయిపోయేది. ముద్దుగా ఇద్దామనుకున్నాను, నా ముద్దు మండిపోనూ."

"తల తిప్పుకుని తీశానే. ఆ మంచం చూడలేక." అన్నారు మాస్టారు. "విప్పేసిన ముక్కలు, కత్తిరించేటప్పుడూ పోల్చుకోలేదు. సరిగ్గా చూసుంటే తెలిసేదే. దాని గౌను నాకు తెలీదా?"

"మీకు బాధ లేదనుకున్నాను," అంది టైలరమ్మ. ఇన్నాళ్లూ గొంతులో అడ్డం పడ్డ మాట అది. "రోజూ వచ్చి నిప్పులు చేస్తున్నారు కదా. ఈ మనిషికి చేతులెలా వస్తున్నాయా అని మిమ్మల్ని చాలా తిట్టుకున్నాను."

"ఎక్కడ చేస్తున్నానే? రవ్వ వరకే. గూట్లో పెట్టి వాళ్ల చేతికిచ్చేస్తాను, వాళ్లే ఊదుకుంటారు. నేను అటు తిరిగి నిలబడతాను."

ఆవిడ నీళ్లగిన్నె దగ్గరికి జరిపి, ఆయన చేతిని అందులో పెట్టి, పైన తన చెయ్యి పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. ఆవిడ కోరుకున్నట్టుగానే కలిసి ఏడ్చారు, పువ్వు చేతిలో లేకుండా.

డబ్బా చల్లారింది. ఆవిడ రెండు మూడు సార్లు ముట్టి చూసి, చల్లారినా ఇంకాసేపు ఆగింది. ఆఖరికి మూత ఆవిడే తీసింది. పైన ఉన్నవి గౌను నడుం ముక్కలు, నల్లగా, పలచగా, ఒకదానికొకటి అంటకుండా. వాటిని ఊపిరి బిగబట్టి పక్కన పెట్టింది. అడుగున జేబుముక్క. మడత విప్పుతుంటే ఒక మూల రాలిపోయింది. మాస్టారు గడ్డిపుల్లతో రెండో వైపు పట్టారు. ఇద్దరూ కలిసి, పుండు మీది కట్టు విప్పినట్టు, మెల్లగా విప్పారు.

పువ్వుంది. నలుపు మీద నలుపు. ఎరుపంతా పోయింది గానీ దారం ఉబ్బుగా అలాగే నిలబడి ఉంది. పెద్ద రేకు, చిన్న రేకు, ముడులు, తెగి మళ్లీ మొదలైన కాడ.

మాస్టారు "కాడ ఇలా కుడతారా ఎవరైనా?" అన్నారు, నవ్వబోయి.

"నేర్పమని అడిగింది. సీజను పని, తర్వాత నేర్పుతా పొమ్మన్నాను," అంది ఆవిడ.

వేలు చాపి రేకుని ముట్టుకోబోయి ఆగింది. ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసు. గాలి కొద్దిగా వీస్తే ముక్క అంచు రెపరెపలాడుతోంది, నల్లటి నలుసులు గడ్డి మీదకి రాలుతున్నాయి.

"ఇంటికి తీసుకెళ్దామంటే..." అన్నారు మాస్టారు.

"కొండ దిగేసరికి పొడైపోతుంది. నాకు తెలీదా?" ఆవిడ కళ్లు తుడుచుకుంది. "నాకు మసి వద్దు. డబ్బా అడుగున మసి పెట్టుకుని రోజూ చూడలేను. రాయి తీయండి."

"నువ్వే అంటున్నావా?"

"అది ఇన్ని గౌన్లిచ్చింది మీకు. ప్రతిదీ తనే తెచ్చిచ్చింది. ఇదొక్కటి ఇవ్వలేదు. నేనిస్తున్నాను. గుడ్డ నా వంతేగా."

మాస్టారు పీచుతో గూడు కట్టారు. కాలిన చేతి వేళ్లు ముడవడం లేదు, అయినా మధ్యలో గుంట చేసి, చుట్టూ సన్నటి పీచు దువ్వి, ఎప్పుడూ చేసేటంత శ్రద్ధగా కట్టారు. ఆవిడ బొగ్గుగుడ్డని గడ్డిపుల్లల మీద ఎత్తి అందులో పెట్టింది, పువ్వు పైకి ఉండేలా. మేజోడులోంచి రాయి, ఉక్కుముక్క వచ్చాయి. మొదటి దెబ్బకి రవ్వ రాలేదు. తర్వాతిది రవ్వ వచ్చింది, పక్కకి పోయింది.  టైలరమ్మ ఆయన మోచేతి కింద తన అరచెయ్యి ఆనించింది.

రవ్వ గుడ్డ మూల మీద పడింది. సూదిమొనంత ఎరుపు. ఆరుతుందనుకున్నంతలో పాకడం మొదలుపెట్టింది. నలుపుని కొద్దికొద్దిగా తింటూ, వెనకాల బూడిద వదులుతూ వచ్చింది. కాడ దగ్గరికొచ్చింది. గుడ్డ కంటే దారం మందం కదా, చుట్టూ ఉన్నది బూడిదైపోయినా దారం ఆరలేదు. కాడ ఎర్రబడింది. చిన్న రేకు ఎర్రబడింది, పెద్ద రేకు, మధ్యలో ముడులు. పిల్ల ఏ రంగులో కుట్టిందో ఆ రంగులోనే పువ్వు మొత్తం ఒక్కసారి కనబడింది.

మాస్టారు రెండు చేతులతో గూడు పైకెత్తి, మోకాళ్ల మీద కూర్చున్నారు. కదలకుండా పట్టుకున్నారు. టైలరమ్మ పక్కకి జరిగింది. ఎదురుగా చోటిచ్చి జరిగింది, ఎప్పుడూ జరిగినట్టే. ఇద్దరూ ఆ ఖాళీ వైపు చూస్తూ ఆగారు.

పువ్వు ఎర్రగా ఉంది. ఇంకాసేపు ఉంది. పెద్ద రేకు నెరిసింది, తర్వాత చిన్నది, ఆఖరుకి ముడులు. పీచు అంటుకోలేదు.

"ఊదాల్సిందేమోనే," అన్నారు మాస్టారు, గూడు దించకుండానే.

"మన వంతు కాదుగా," అంది ఆవిడ.